ముసురు పట్టినా సైకిలు కదలాల్సిందే

నెల్లూరు: కార్తీక మాసం వస్తే ఈ జిల్లాకు అసలైన వానాకాలం. మిగతా చోట్ల గొడుగులు అటకెక్కే వేళకు ఇక్కడ కిందికి దిగుతాయి. ఏడాది మొత్తం మీద కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే రెండు మూడు రోజులు ముసురు వదలదు. చెరువులకు మేలే. పెన్న అవతలి నుంచి సైకిలు మీద పట్నానికి పనికి వచ్చే వాళ్లకు మాత్రం అవి గడ్డు రోజులు.

కోవూరు నుంచి నెల్లూరుకు ఎండ రోజున సైకిలు ప్రయాణం ఓ లెక్కలోది కాదు. పడుగుపాడు దాటి పెన్న వంతెన ఎక్కితే పట్నం వచ్చినట్టే. బేల్దారి పనివాళ్లు, రంగులు వేసేవాళ్లు, హోటలు పనివాళ్లు, కొట్లలో గుమాస్తాలు, రాత్రి కాపలా ముగించుకుని ఎదురయ్యే వాచ్‌మన్లు... అందరిదీ అదే దారి. వీరిలో చాలామంది మోటారు సైకిళ్లకు మారిపోయారు. మారలేనివాళ్లు, పెట్రోలు ఖర్చుకు జంకేవాళ్లు ఇంకా తొక్కుతూనే ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో, దేశం మొత్తం మీద వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో నూటికి 13 మంది సైకిలు మీదే పనికి వెళ్తున్నట్టు తేలింది.

చూరు చూసి నిర్ణయం

బేల్దారి కూలీకి వానరోజు లెక్క తెల్లవారుజాము ఐదు గంటలకే మొదలవుతుంది. తలుపు తీసి చూరు వంక చూస్తాడు. సన్నటి తుంపరైతే బయలుదేరవచ్చు. ధార కడితే ఆలోచించాలి. శ్లాబు వేసే పనైతే వానలో ఎలాగూ సాగదు. లోపలి గోడల పూత పనైతే సాగుతుంది. మేస్త్రి ఫోను చేసి రావద్దంటే గొడవే లేదు. ఫోను రాకపోతేనే చిక్కు. వెళ్లకపోతే ఆ చోట మరొకడు చేరతాడు. వెళ్లాక వాన పెద్దదైతే ఇంటి యజమాని రేపు చూద్దామంటాడు. తడిసి వచ్చి, తడిసి తిరిగి వెళ్లిన శ్రమకు పైసా రాదు.

ఆటోలో రావచ్చు గదా అని అడగవచ్చు. పని దొరకని రోజున ఆటో చార్జీ చేతి నుంచి పోయిన సొమ్మే. సైకిలు మీద వస్తే పోయేది ఒంట్లో సత్తువ ఒక్కటే. అందుకే వానలోనూ సైకిలు తీస్తారు. భవన నిర్మాణ కార్మికులు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలంటే అంతకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు పని చేసి ఉండాలి. వాన మింగిన రోజులు ఆ 90లో కలవవు.

పోయేటప్పుడు తోపుడు, వచ్చేటప్పుడు ఎదురు

ఈ కాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. కోవూరు నుంచి దక్షిణంగా వచ్చేటప్పుడు వీపున, ఎడమ భుజాన తగిలి కొంత నెట్టుతుంది. సాయంత్రం ఒళ్లు అలిసి తిరిగి వెళ్లేటప్పుడు ఎదురుగా కొడుతుంది. ఊళ్లోనైతే ఇళ్లో చెట్లో అడ్డం ఉంటాయి. వంతెన మీద ఏ ఆసరా లేదు. పెన్న మీద 2022లో బ్యారేజీతో కలిపి కట్టిన మరో వంతెన ప్రారంభమైంది. అయితే గాలికి పాత వంతెన, కొత్త వంతెన అనే తేడా లేదు. తల వంచి, పెడలు మీద నిలబడి తొక్కాలి. అదే సమయంలో పక్కనుంచి లారీ పోతే మడ్డినీళ్లు ముఖాన పడతాయి. ఒక్క క్షణం దారి కనపడదు. అనుభవం ఉన్నవాళ్లు అక్కడ దిగి, సైకిలు నడిపించుకుంటూ పోతారు. అందులో నామోషీ ఏమీ లేదు.

గొడుగు పట్టుకుని తొక్కేవాళ్లూ లేకపోలేదు. గొడుగు పట్టిన చేతి వైపు బ్రేకు లేనట్టే. రెయిన్‌కోటు వేసుకుంటే బయటి వాన ఆగుతుంది, లోపల చెమట తడుపుతుంది. చాలామంది యూరియా సంచిలో ఒక మూలను మరో మూలలోకి నెట్టి తల మీదుగా దించుకుంటారు. నడుం దాకా అది చాలు. అన్నం క్యారియరుతో పాటు ప్లాస్టిక్ సంచిలో పొడి లుంగీ, చొక్కా కట్టి తెచ్చుకునేవాడు తెలివైనవాడు. తడిబట్టతో గాలిలో తొక్కితే వేళ్లు కొంకర్లు పోతాయి. బ్రేకు పిడి బిగించేందుకు పట్టు చిక్కదు.

పట్టని బ్రేకు

అసలు ప్రమాదం బ్రేకుదే. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు కట్టలు దాని మీద జారతాయి. పిడి నొక్కిన వెంటనే సైకిలు ఆగదు. చక్రం కొన్ని చుట్లు తిరిగి రిమ్ము మీది నీరు తుడుచుకుపోయాకే పట్టు దొరుకుతుంది. ఆ లోపు ఎదురుగా వచ్చే ఆటో ఆగదు గదా! వంతెన దిగే చోట, కూడళ్ల దగ్గర ముందునుంచే మెల్లగా బ్రేకు నొక్కుతూ రావడం పాతకాపుల పద్ధతి. ముందు చక్రం బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా పట్టరు. పడితే చక్రం జారి మనిషి రోడ్డున పడతాడు.

పంక్చర్లు కూడా ఈ రోజుల్లోనే ఎక్కువ. వాననీరు గాజు పెంకులు, మొలలు, ముళ్లను రోడ్డు అంచుకు తోస్తుంది. సైకిలు నడిచేది ఆ అంచునే. తడి రబ్బరులోకి పెంకు సులువుగా దిగుతుంది. ట్యూబు తడిగా ఉంటే అతుకు పట్టదు. షాపువాడు గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు సొల్యూషన్ రాస్తాడు. మామూలు రోజుల కంటే ఆలస్యం. ఆ ఆలస్యానికి పనిలో పూట కూలి కోత పడినా అడిగే దిక్కు లేదు.

దారే మూసుకుపోయిన రోజులూ ఉన్నాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలు పట్టాల మీదికి నీళ్లు వచ్చాయి. కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగి రాకపోకలు నిలిచిపోయాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు ఇక్కడ ఎడతెగని వాన. అటువంటప్పుడు సైకిలు ఇంటి పంచలోనే ఉంటుంది, కూలీ కూడా.

ముసురు రోజున పని నుంచి ఇల్లు చేరిన మనిషి ముందుగా తల తుడుచుకోడు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి పాతగుడ్డతో రిమ్ములు తుడుస్తాడు. చైనుకు నాలుగు చుక్కలు నూనె వేసి పెడలు ఒక చుట్టు తిప్పుతాడు. అలా చేయకపోతే తెల్లవారేసరికి చైను తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఆ తర్వాతే వేణ్నీళ్లు, అన్నం. పడుకునే ముందు మరోసారి బయటికి వచ్చి చూరు వంక చూస్తాడు.