నాడిలో దొరికిన దోస్తు

ఫిబ్రవరి వచ్చిందంటే మా బళ్లారిలో తెల్లవారి చలి, మధ్యాహ్నం ఎండ. ఈ దినాల్లో దవాఖానాకు వచ్చే పెద్దలు కొందరు "జబ్బేమీ లేదు హకీం సాబ్, మనసే బాగుండదు" అంటారు. అదే ఇంట్లో మనవడు 14వ తేదీకి గులాబీలు కొంటుంటాడు. ఆ గులాబీతోనే మేము గుల్‌ఖంద్ చేస్తాం, అది వేరే సంగతి.

యునానీ లెక్కలో దేహాన్ని నడిపే ఖిల్త్‌లు నాలుగు: దమ్ అంటే రక్తం, బల్గం అంటే కఫం, సఫ్రా అంటే పైత్యం, సౌదా అంటే నల్ల పైత్యం. చలికి గడ్డకట్టినవి ఎండ తగలగానే కదులుతాయంటారు. సౌదా కదిలితే దిగులు, నిద్రలేమి, దడ. అయితే నెపమంతా సౌదా మీద వేస్తే సగం వైద్యమే. గాలి, తిండీనీళ్లు, నిద్ర లాంటి ఆరు తప్పనిసరి సంగతుల్లో మనసు కదలికనూ మన పెద్దలు చేర్చారు.

కిందటి చలికాలం చివర్లో డెబ్బై దాటిన ఒకాయన దడ అని వచ్చారు. (ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను.) ముందు ఈసీజీ తీయించుకుని రమ్మన్నాను. దడ వస్తే ఎవరైనా మొదట చేయవలసింది అదే. ఈసీజీ బాగానే ఉంది. నాడి పట్టుకుని కబుర్లు మొదలుపెట్టాను.

ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో ఇష్క్‌ను కూడా ఒక జబ్బుగా రాశారు. పేర్లు ఒక్కొక్కటే చెబుతూ నాడి చూస్తే మనసు ఎవరి మీదుందో తెలుస్తుందన్నారు. నేనూ కొడుకుల పేర్లు, అల్లుళ్ల పేర్లు ఎత్తాను. నాడి నిదానంగానే ఉంది. నలభై ఏళ్లు కలిసి చాయ్ తాగిన దోస్తు పేరు ఎత్తగానే తడబడింది. ఒక పెళ్లి సంబంధం చెడి, ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవట.

"అవన్నీ ఎందుకు, మందివ్వండి" అన్నారు. ఆయనకు షుగర్ లేదు కాబట్టి ఖమీరా గావ్‌జబాన్ రోజుకు 5 గ్రాములు ఇచ్చాను. షుగర్ ఉన్నవారు ఖమీరా గానీ గుల్‌ఖంద్ గానీ అడగకుండా తినరాదు. దిగులు వారాలకొద్దీ వదలకపోతే మానసిక వైద్యుణ్ణి చూడాలి, అందులో సిగ్గేమీ లేదు.

"దేంతో తీసుకోవాలి?"

"మీ దోస్తు ఇంట్లో చాయ్‌తో."

కోపంగా లేచి వెళ్లిపోయారు.

మూడు వారాలకు మళ్లీ వచ్చారు. వెళ్లారట. దోస్తుకు పక్షవాతం వచ్చి మాట సరిగా రావడం లేదట. "ఆరేళ్ల మాటలు ఇప్పుడెట్లా సాబ్?" అని నా ముందే ఏడ్చారు. అయినా రోజూ అసర్ నమాజ్ తర్వాత పోయి కూర్చుంటున్నారు. దడ పూర్తిగా పోలేదు, నిద్ర మాత్రం పడుతోంది. ఖమీరా డబ్బాలో సగం మిగిలిందని నాకే తిరిగి ఇచ్చారు.