ట్రకియాస్టమీ రోగుల మాట, జీవన నాణ్యత: ధ్వనిశాస్త్ర పరిశీలన

1. ఉపోద్ఘాతం:
ఊపిరి సరిగా అందని రోగికి మెడ ముందుభాగాన శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చడమే ట్రకియాస్టమీ. ప్రాణం నిలిపే ఆ గొట్టమే మాటను ఆపుతుంది. ఈ రోగుల జీవన నాణ్యతను పెంచడంలో వైద్యంతోపాటు భాషాశాస్త్రానికీ పాత్ర ఉందని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. మాట ఆగడానికి కారణం:
ఊపిరితిత్తుల గాలి స్వరపేటికలోని నాదతంత్రులను కంపింపజేస్తేనే నాదం పుడుతుంది. గొట్టం స్వరపేటికకు దిగువన ఉన్నందున గాలి మెడ దగ్గరే బయటికి పోతుంది. నాలుక, పెదవులు కదులుతాయి, ధ్వని వెలువడదు. ఇంటివారు పెదవులను చూసి గ్రహించే ప్రయత్నం చేస్తారు. కాని ఓష్ఠ్యాలైన ప, బ, మలకు పెదవుల కదలిక ఒకటే కనుక ‘పాట’, ‘బాట’, ‘మాట’ ఒకేలా కనిపిస్తాయి. పరుష సరళ భేదానికి ఆధారమైన నాదం కంటికి కనబడదు. క, గలు నోటి లోపలే పుడతాయి. కాబట్టి రోగి ‘గాలి’ అన్నా ‘కాలి’ అన్నా చూసేవారికి తేడా తెలియదు. ఊపిరాడక అల్లాడుతున్న వేళ ఇది ప్రాణాపాయం.

3. మాటను తిరిగి తెచ్చే మార్గాలు:
కండరాల క్షీణతకు గురై ట్రకియాస్టమీతో జీవించిన అమెరికా యువకుడు డేవిడ్ మ్యూర్ తన అవసరం నుంచే ఒక ఏకదిశా కవాటాన్ని రూపొందించాడు. అది గాలి పీల్చేటప్పుడు తెరచుకొని, విడిచేటప్పుడు మూసుకొని, గాలిని నాదతంత్రులవైపు మళ్లిస్తుంది. గొట్టం చుట్టూ గాలిబుడగ ఉంటే ముందుగా దానిని ఖాళీ చేయాలి; లేకపోతే విడిచే ఊపిరికి దారి ఉండదు. అందుకే వైద్యుల పరీక్ష తరువాతే దీనిని వాడాలి. స్వరపేటికను పూర్తిగా తొలగించినవారికి ఇది ఉపకరించదు. వారికోసం బెంగళూరు వైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయల ‘ఓం’ పరికరాన్ని రూపొందించారు.

4. తనకల్లు నేపథ్యం:
శ్రీ సత్యసాయి జిల్లాలోని తనకల్లు వంటి మెట్టప్రాంతాలలో పొడిగాలి, దుమ్ము అదనపు సమస్యలు. గాలిని తడిపి వడపోసే ముక్కు పని గొట్టానికి చేతకాదు. కఫం చిక్కబడి గొట్టం పూడుకుపోవచ్చు. కఫం తీయడం, గొట్టం శుభ్రపరచడం ఇంటివారికి ముందే నేర్పాలి. కేకవేయలేని రోగి చేతికందేలా ఒక గంట ఉంచాలి. కవాటం వాడలేనివారికి ఊపిరి, కఫం, దప్పిక, నొప్పి తెలిపే బొమ్మల పలక కావాలి. దానిపై ‘నీరు అవసరం’ అని కాక, ‘నీళ్లు కావల్ల’ అనే అక్కడి పలుకుబడే ఉండాలి.

5. ముగింపు:
రోగి కోల్పోయింది భాషను కాదు, నాదాన్ని మాత్రమే. మాండలిక పదసేకరణలో అనుభవమున్న తెలుగు శాఖలు వైద్యులతో కలిసి ఇటువంటి పలకలను రూపొందించడం అనువర్తిత భాషాశాస్త్రానికి తక్షణ కర్తవ్యం.