పదమూడు నెలల ఫైర్ జువావ్‌లు

1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యే నాటికి ఉత్తరాది ప్రభుత్వం చేతిలో ఉన్న స్థిరసైన్యం చాలా చిన్నది కావడంతో, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 75,000 మంది స్వచ్ఛంద సైనికులను పంపవలసిందిగా రాష్ట్రాలను కోరాడు. ఆ పిలుపు మీద న్యూయార్క్ నగరంలో పుట్టి పదమూడు నెలలకే రద్దయిన పదాతి దళం 11వ న్యూయార్క్ రెజిమెంట్. రెజిమెంట్ అంటే ఒక కల్నల్ అధీనంలో ఉండే, సుమారు వెయ్యి మందితో కూడిన దళం.

దీన్ని కూడగట్టిన ఎల్మర్ ఎల్స్‌వర్త్ అంతకుముందు లింకన్ న్యాయవాద కార్యాలయంలో పనిచేసిన యువకుడు. ఉత్తర ఆఫ్రికాలోని ఫ్రెంచి పదాతి దళాలైన జువావ్‌ల దుస్తులన్నా, వారి చురుకైన కవాతన్నా అతనికి ఎనలేని మోజు. అప్పట్లో న్యూయార్క్‌లో మంటలార్పే పని జీతం లేని స్వచ్ఛంద బృందాలది; ప్రాణభయం ఎరగని ఆ మనుషులనే అతడు ఎంచుకోవడంతో దళానికి ‘ఫైర్ జువావ్‌లు’ అనే పేరు వచ్చింది. వాషింగ్టన్ చేరిన కొద్ది రోజులకే విలార్డ్ హోటల్‌ను ఆనుకుని రేగిన మంటలను ఆర్పి వారు నగరవాసుల మెప్పు పొందారు గాని, కవాతు నేర్చినంత మాత్రాన యుద్ధవిద్య అబ్బదు, దాన్ని నేర్చుకునే వ్యవధి వారికి దొరకనూ లేదు.

మే 24న వర్జీనియాలోని అలెగ్జాండ్రియా పట్టణాన్ని ఆక్రమించినప్పుడు మార్షల్ హౌస్ అనే సత్రం మీది దక్షిణాది తిరుగుబాటుదారుల జెండాను స్వయంగా దించి మెట్లు దిగుతున్న ఎల్స్‌వర్త్‌ను సత్రం యజమాని జేమ్స్ జాక్సన్ కాల్చి చంపగా, ఫ్రాన్సిస్ బ్రౌనెల్ అనే సైనికుడు జాక్సన్‌ను అక్కడికక్కడే హతమార్చాడు. ఇరవై నాలుగేళ్ల కల్నల్ భౌతికకాయాన్ని అధ్యక్ష భవనంలోనే ఉంచారు. ఉత్తరాది అంతటా అతని పేరు మారుమోగింది, దళం మాత్రం నాయకుణ్ణి కోల్పోయింది.

జూలై 21న జరిగిన మొదటి బుల్‌రన్ యుద్ధంలో, హెన్రీ హౌస్ గుట్ట మీద శత్రువుకు మరీ దగ్గరగా నిలిపిన ఫిరంగులకు అండగా వెళ్లిన ఈ దళం, దక్షిణాది సేనాని స్టూవర్ట్ ఆశ్వికుల దాడికీ వర్జీనియా పదాతుల తుపాకులకూ చెల్లాచెదురైంది. అక్కడి వర్జీనియా దళాల్లో ఒకటి నీలి దుస్తుల్లో ఉండటం వల్ల ఫిరంగిదళ అధికారులు దాన్ని స్వపక్షమని భ్రమించి సమయానికి కాల్పులు జరపలేదు. పారిపోయారన్న నింద తరువాత జువావ్‌ల మీద పడినా, ఫిరంగులను అంత ముందుకు పంపిన పైవారి నిర్ణయాన్ని పక్కనబెట్టి ఆ నింద వేయడం న్యాయం కాదు. కొత్త కల్నల్ నోవా ఫార్నమ్ ఆ పోరులో తగిలిన గాయంతో ఆగస్టులో మరణించాడు.

ఆ పిమ్మట దళానికి చెప్పుకోదగ్గ పోరు లేదు. 1862 జూన్ 2న న్యూయార్క్‌లోనే దాన్ని రద్దు చేశారు. మరుసటి ఏడు కల్నల్ హెన్రీ ఓబ్రయన్ దాన్ని పునరుద్ధరించే ప్రయత్నంలో ఉండగా, నిర్బంధ సైనిక భర్తీకి వ్యతిరేకంగా న్యూయార్క్‌లో అల్లర్లు చెలరేగాయి. విడ్డూరమేమిటంటే, 1863 జూలై 13న భర్తీ కార్యాలయంపై తొలి దాడిలో ముందు నిలిచింది మంటలార్పే బృందాల్లో ఒకటే. ఆ మర్నాడు అల్లరి మూక చేతిలో ఓబ్రయన్ హతుడయ్యాడు.