చేపకొక ఎర ఎందుకు?

ప్రశ్న: ఆదివారం మా మామయ్యతో కలిసి హిమాయత్ సాగర్ గట్టుకు వెళ్లాను. గాలం వేసేవాళ్లలో ఒకాయన పిండి ముద్ద పెట్టాడు, ఇంకొకాయన ఎర్రలు గుచ్చాడు, మరొకాయన రబ్బరు కప్పను విసిరి లాగుతున్నాడు. అందరూ వేసేది ఒకే నీళ్లలో కదా, ఎర మాత్రం ఎందుకు వేరు? ఇంకొకటి. పైన విమానాలు అంత మోత చేస్తూ పోతుంటే ఎవరూ ఏమీ అనలేదు. నేను గట్టు మీద పరుగెత్తితే మాత్రం చేపలు పోతాయని కోప్పడ్డారు. ఎందుకు?
– ఆరో తరగతి విద్యార్థి, శంషాబాద్

జవాబు: చాలా బాగా గమనించావు. నీ రెండు ప్రశ్నలకూ జవాబు చేప ఒంట్లోనే ఉంది. నోటి దగ్గర మొదలుపెట్టి చెవి దాకా వెళ్దాం.

ఈసారి ఇంట్లోవాళ్లతో చేపల బజారుకు వెళ్లినప్పుడు, వాళ్లు బేరమాడుతున్నంతసేపు నువ్వు చేపల నోళ్లు చూడు. బొచ్చె చేప కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, నోరు పైకి తెరుచుకుంటుంది. రవ్వ చేప నోరు కాస్త కిందికి వాలి ఉంటుంది, పెదవుల అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. దీన్నే కోస్తా వైపు శీలావతి అంటారు. మృగాల నోరు ఇంకా కిందికి, నేలను చూస్తున్నట్టు ఉంటుంది. నోరు ఎటు తెరుచుకుంటుందో తిండి అటు నుంచే అందాలి. అందుకే బొచ్చె పై నీటిలో తిరుగుతూ, అక్కడ తేలాడే సూక్ష్మ జీవులను వడకట్టుకుని తింటుంది. రవ్వ నడిమి నీటిలో నాచునూ మెత్తని మొక్కలనూ తింటుంది. మృగాల అడుగున బురద మీద పేరుకున్న కుళ్లిన ఆకూ అలమూ తింటుంది.

ఒకే చెరువులో ఈ మూడూ ఇలా వంతులు వేసుకున్నట్టు ఎలా కుదిరాయి? అలా కుదిర్చింది చాలావరకు మనుషులే. అసలు నువ్వు వెళ్లిన జలాశయమే మనుషులు కట్టింది. 1908లో మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ముంచేసిన తరువాత, మళ్లీ అలాంటి ముప్పు రాకుండా నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇక చేపల సంగతి. బొచ్చె, రవ్వ, మృగాల పెద్ద నదుల చేపలు. వానాకాలంలో నది పొంగి పారుతున్నప్పుడే అవి గుడ్లు పెడతాయి, నిలవ నీటిలో సాధారణంగా పెట్టవు. అందుకని ఒకప్పుడు చేపపిల్లలు కావాలంటే నదుల్లో ఏరుకుని తేవాల్సి వచ్చేది. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలోని అంగుల్‌లో ఒక దారి కనిపెట్టాడు. చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని తల్లి చేపకు సూదితో ఎక్కిస్తే, అది చెరువులోనే గుడ్లు పెట్టింది. మన దేశంలో ఏటా జూలై 10ని చేపల రైతుల దినంగా జరుపుకోవడం అందుకే. ఒకదాని తిండికి ఒకటి అడ్డు రాని ఈ మూడు రకాలను కలిపి చెరువుల్లో వదలడం ఆ తరువాత బాగా పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత చేపపిల్లల పథకంలో వదిలేవి కూడా ఎక్కువగా ఇలాంటి రకాలే.

అంటే నీళ్లు ఒకటే అయినా, ఏ లోతుకు ఆ చేప ఉంటుంది. గాలం దారానికి బెండు కట్టేది ఇందుకే. బెండుకూ గాలానికీ మధ్య దారం మూరెడు వదిలితే ఎర పై నీటిలో వేలాడుతుంది. ఇంకా వదిలితే నడిమికి దిగుతుంది. బెండు తీసేసి సీసపు గుండు కడితే అడుగున కూర్చుంటుంది. ఎంత మంచి ఎర పెట్టినా, చేప తిరగని లోతులో వేలాడదీస్తే రోజంతా కూర్చున్నా బెండు కదలదు. గట్టు మీద అనుభవం ఉన్నవాళ్లు వచ్చీరాగానే ఎర సంగతి చూడకుండా ముందు లోతు కొలుచుకోవడం నువ్వు ఈసారి చూస్తావు.

ఇక ఎర దగ్గరికి వద్దాం. వాన నీరు చేరిన జలాశయం మట్టి రంగులో ఉంటుంది. అందులో చేపకు జానెడు దూరం కూడా సరిగ్గా కనిపించదు. మరి తిండిని ఎలా పసిగడుతుంది? వాసనతో. చేప మూతి మీద ముక్కు రంధ్రాలు ఉంటాయి. వాటికి గొంతుతో సంబంధం లేదు, ఊపిరికి పనికిరావు, వాసన చూడడానికే ఉన్నాయి. పక్కింట్లో పులుసు కాగుతుంటే ఆ ఘుమఘుమ గాలిలో మన వాకిట్లోకి వచ్చినట్టే, నీటిలో కరిగిన తిండి సారం మెల్లగా కదిలే నీటి వెంట చేప దాకా వస్తుంది. మాంసకృత్తులు విడిపోతే వచ్చే అమైనో ఆమ్లాలను చేపలు ఎంతో కొద్ది మోతాదులో ఉన్నా గుర్తుపడతాయి.

పిండి ముద్ద చేసే పని ఇదే. గోధుమపిండిలో తవుడు, పల్లి చెక్క కలిపి పిసుకుతారు. కొందరు సోంపో యాలకుల పొడో చేరుస్తారు, కొందరు ముద్దను రాత్రంతా నానబెట్టి పులియనిస్తారు. పులిసినప్పుడు పెద్ద పదార్థాలు చిన్నవిగా విడిపోతాయి, చిన్నవి నీటిలో తొందరగా కరుగుతాయి, కాబట్టి వాసన దూరం పోతుంది. ముద్ద మరీ మెత్తగా ఉంటే నీళ్లలో పడగానే విడిపోతుంది. మరీ గట్టిగా ఉంటే ఏమీ కరగదు, చేపకు కబురే అందదు. కాసేపటికి పొడిపొడిగా రాలేట్టు పిసకడంలోనే నేర్పంతా ఉంది. రవ్వ, మృగాల, బంగారు తీగ లాంటి గింజా గడ్డీ తినే చేపలు దీనికి వస్తాయి.

ఎర్రలు, అంటే వానపాములు, వేరే చేపల కోసం. జెల్ల, వాలుగ, మార్పు చేపలకు మూతి చుట్టూ పొడుగాటి మీసాలుంటాయి. మనకు రుచి నోట్లోనే తెలుస్తుంది. వీటికి మీసాల మీద, ఒంటి చర్మం మీద కూడా రుచి మొగ్గలు ఉన్నాయి. చీకట్లో, బురదలో తడుముకుంటూ పోతుంటే మీసానికి తగిలిందేమిటో నోట్లో పెట్టుకోకముందే తెలిసిపోతుంది. గుచ్చిన వానపాము ఒంటి రసం నీటిలోకి ఊరుతుంది, పైగా అది మెలికలు తిరుగుతుంది. రుచీ కదలికా రెండూ ఒకేచోట దొరికితే ఈ చేపలు వదలవు. రాత్రిపూట ఇవి ఎక్కువగా చిక్కడానికి కారణం కూడా అదే: వాటికి వెలుతురుతో పెద్దగా పని లేదు.

తినే తీరులోనూ తేడా ఉంది. రవ్వకూ బొచ్చెకూ దవడల మీద పళ్లు లేవు, గొంతులోపల ఉంటాయి. అందుకని అవి కొరకవు. నోరు చటుక్కున తెరిచి నీటితో పాటు తిండిని లోపలికి పీల్చుకుంటాయి, తేడా అనిపిస్తే వెంటనే ఉమ్మేస్తాయి. బెండు మొదట సన్నగా వణికేది ఈ పీల్చి ఉమ్మే ఆటలోనే. అప్పుడే తొందరపడి లాగితే గాలం ఖాళీగా వస్తుంది. చేప నమ్మకంగా ఎర పట్టుకుని కదిలినప్పుడు బెండు ఒక పక్కకు జారుతుంది, లేదా మునుగుతుంది. లాగాల్సింది అప్పుడు. గాలం కొనకు వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది కదా, లోపలికి దిగేటప్పుడు అది అడ్డు రాదు, వెనక్కి జారేటప్పుడు మాత్రం పట్టేస్తుంది. దారం వదులైతే కొన్ని చేపలు తల విదిలించి ఆ ముల్లును కూడా తప్పించుకుంటాయి, అందుకే చేప పడ్డాక దారాన్ని బిగువుగా ఉంచుతారు.

ఇప్పుడు రబ్బరు కప్ప సంగతి. దానికి వాసన లేదు, రుచి లేదు. అయినా పడుతుంది, ఎందుకంటే అది కొర్రమీను కోసం. మన రాష్ట్ర చేప ఇదే. దీనికి వెడల్పాటి నోరు, దవడల నిండా పళ్లు ఉంటాయి. తుంగ, తామరాకుల చాటున కదలకుండా కాచుకుని, దగ్గరికి వచ్చిన కప్పనో చిన్న చేపనో ఒక్క ఉదుటున పట్టేస్తుంది. చేపల పక్కల వెంట తల నుంచి తోక దాకా సన్నని గీత ఉంటుంది, నీటి అలజడి ఆ గీతకు తెలుస్తుంది. రబ్బరు కప్పను విసిరి తడవ తడవకూ ఆపుతూ లాగితే, నీటి మీద పుట్టే అలలు ఆ గీతకు తగులుతాయి, నీడ కంటికి కనిపిస్తుంది. వేటాడే చేపకు ఆ రెండు గుర్తులు చాలు. అదే రబ్బరు కప్పను మృగాల ముందు ఎంతసేపు ఆడించినా అది పట్టించుకోదు.

కొర్రమీను ఎక్కడుందో గాలం వేసేవాళ్లకు ఎలా తెలుస్తుందంటావా? అదే చెబుతుంది. మొప్పల పైన దానికి ఒక ప్రత్యేకమైన అర ఉంటుంది, దానితో నేరుగా గాలి పీల్చుకుంటుంది. పెద్ద కొర్రమీనుకు మొప్పలతో తీసుకునే ప్రాణవాయువు చాలదు, అప్పుడప్పుడూ పైకి రావాల్సిందే. రాకుండా అడ్డుకుంటే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. అది పైకి వచ్చి గుటక వేసిన చోట నీటి మీద ఒక సుడి పుడుతుంది, వేటగాడు అక్కడే కప్పను వేస్తాడు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందుకు వచ్చినవాళ్లు సంచిలో గుక్కెడు నీళ్లతో తీసుకెళ్లే కొర్రమీను పిల్లలు అంతసేపు బతికి ఉండేది కూడా ఈ గాలి పీల్చే గుణం వల్లే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వానాకాలంలో నీటి పైన ఎర్రటి చిన్న చేపపిల్లలు గుంపుగా తేలుతుంటే, కింద తల్లీతండ్రీ కొర్రమీనులు కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద కప్పను వేస్తే పెద్ద చేప తప్పకుండా పట్టుకుంటుంది. ఆకలితో పట్టదు, పిల్లల మీదికి ఎవరో వచ్చారని పడుతుంది. దాన్ని తీసుకుపోతే ఆ వందల పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. తేలికగా దొరుకుతుంది కదా అని ఈ పని చేసేవాళ్లు ఉన్నారు. నువ్వు మాత్రం చేయకు, మీ మామయ్యను కూడా చేయనివ్వకు.

రెండో ప్రశ్నకు వద్దాం. విమానం మోత గాలిలో పుట్టి గాలిలో వస్తుంది. నీళ్లు గాలి కన్నా చాలా బరువైనవి, గట్టివి. గాలిలో వచ్చిన శబ్దం నీటి మీద పడగానే దాదాపు అంతా తిరిగి పైకే పోతుంది, వెయ్యి వంతుల్లో ఒక వంతు మాత్రమే లోపలికి దిగుతుంది. అదీగాక, 2008 మార్చిలో మన శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి ఆ మోత రోజూ ఉన్నదే. ఏ హానీ చేయకుండా పదేపదే వినిపించే చప్పుడుకు చేపలు అలవాటుపడతాయి.

నీ అడుగుల చప్పుడు అలా కాదు. గట్టు మీద పరుగెత్తితే ఆ అదురు మట్టిలోంచి, రాళ్లలోంచి నేరుగా నీటిలోకి దిగుతుంది, మధ్యలో గాలి అడ్డం లేదు. పైగా బొచ్చె, రవ్వ, జెల్ల లాంటి చేపల వినికిడి చాలా చురుకు. వాటి కడుపులో నీటిలో తేలడానికి పనికొచ్చే గాలి తిత్తి ఉంది. నీటిలో శబ్దం వస్తే ఆ తిత్తి కంపిస్తుంది. తిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల వరుస ఉండి, ఆ కంపాన్ని చెవికి చేరుస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ వెబర్ 1820లో వర్ణించాడు కాబట్టి వాటిని వెబర్ ఎముకలంటారు. అందువల్ల గట్టు మీద నెమ్మదిగా మాట్లాడుకుంటే ఫర్వాలేదు గానీ, గెంతడం, రాయి విసరడం, బకెట్ దభాలున పెట్టడం కుదరదు. నిలబడడం కన్నా కూర్చోవడం మేలు, ఒడ్డున ఎత్తుగా కదిలే ఆకారం నీటి లోపలి నుంచి చేపకు కనిపిస్తుంది.

గాలం వేయాలని నీకూ అనిపించి ఉంటుంది. పెద్దవాళ్లు పక్కన లేకుండా నీటి అంచుకు వెళ్లకు, జలాశయాల ఒడ్డు పైకి గట్టిగా కనిపించినా లోపల బురద కాలును లాగేస్తుంది. హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయం, అక్కడ జలమండలి ఆంక్షలు ఉంటాయి. ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘాలది. ముదిరాజులకూ గంగపుత్రులకూ అది జీవనాధారం, కాబట్టి ముందు అడిగి వేయాలి. మందు కలిపి గానీ పేలుడు సామగ్రితో గానీ చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరం. చిన్న చేప పడితే చేతులు తడుపుకుని గాలం విడిపించి వదిలెయ్యి. చేప ఒంటి మీది జిగురు దాన్ని రోగాల నుంచి కాపాడుతుంది, పొడి చేతితో పట్టుకుంటే ఆ జిగురు ఊడిపోతుంది.

పెద్ద చేప పడితే దాన్ని గట్టు మీదే కోసి, పేగులూ పొలుసులూ అక్కడే పారేయవద్దు. వాటి కోసం గద్దలు చేరతాయి, గద్దలు చేరిన ఆకాశంలోనే విమానాలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. వేగంగా పోయే విమానం ఇంజన్‌లో ఒక్క గద్ద పడినా ప్రమాదమే. అందుకే 1937 నాటి విమాన నియమాల్లో 91వది, విమానాశ్రయ కేంద్ర బిందువు నుంచి 10 కిలోమీటర్ల లోపు పక్షులను ఆకర్షించే చెత్తను పడేయడాన్ని నిషేధించింది. అందులో చేపల దుకాణాల వ్యర్థాలను పేరు పెట్టి మరీ చెప్పారు. శంషాబాద్ చుట్టుపక్కల చెరువుల దగ్గర చేపలు పట్టేవాళ్లు ఒక మూత డబ్బా వెంట తెచ్చుకుని, ఆ వ్యర్థాలను ఇంటికి తీసుకెళ్లి మట్టిలో పాతిపెడితే చెట్లకు మంచి ఎరువవుతుంది.