బోల్టు మూసుకుంటే చాలదు

గేజ్ అంటే ఏమిటో విశాఖ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. స్టీల్‌ప్లాంటులోనో షిప్‌యార్డులోనో పనిచేసిన ఫిట్టర్లు ఈ ఊళ్లో ఎందరో. అదే గేజ్ రైఫిల్‌కీ కావాలంటే మాత్రం చాలామంది నమ్మరు. పోలీసుల చేతుల్లో, ఎన్‌సీసీ క్యాంపుల్లో దశాబ్దాలు నడిచిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మీద ఈ అపోహలు మరీ ఎక్కువ.

అపోహ: మోడల్ ఒకటే, ఏ బోల్టైనా పడుతుంది.

వాస్తవం: పడుతుంది, అదే ప్రమాదం. శుభ్రం చేసేటప్పుడు పది రైఫిళ్ల బోల్టులు ఒకే బల్ల మీద కలిసిపోతే జరిగేది ఇదే. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు మీదా రైఫిల్ మీదా ఒకే నంబరు కొట్టింది ఆ జత విడిపోకూడదనే. నంబర్ 4 రకానికైతే బోల్టు హెడ్‌లే 0 నుంచి 3 దాకా నాలుగు కొలతల్లో చేశారు. .303 తూటా అడుగున చిన్న అంచు ఉంటుంది. బోల్టు ముఖానికీ బ్యారెల్ వెనక భాగానికీ మధ్య ఆ అంచుకు దొరికే చోటే హెడ్‌స్పేస్. సైనిక కొలత ప్రకారం 0.064 అంగుళాల గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, 0.074 మీద మూసుకోకూడదు. తేడా పావు మిల్లీమీటరు. కంటిచూపుతో అది తేలదు.

అపోహ: పేల్చి చూశాం, ఏమీ కాలేదు.

వాస్తవం: ఒక్క తూటా పేలడం రుజువు కాదు. హెడ్‌స్పేస్ ఎక్కువైతే పేలిన క్షణంలో ఇత్తడి గుల్ల గోడలు ఛాంబర్‌ను పట్టుకుంటాయి, అడుగు వెనక్కి తోసుకుపోతుంది. మధ్యలో ఇత్తడి సాగి పలచబడుతుంది. ఖాళీ గుల్ల అడుగుకు కాస్త పైన మెరిసే గీత కనిపిస్తే అది హెచ్చరికే. అక్కడ తెగితే వేడి గ్యాస్ కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది. తూటా అడుగున టేపు అంటించి కొలవడం కూడా నమ్మదగింది కాదు, టేపు నలుగుతుంది.

అపోహ: మెషిన్‌గన్ బ్యారెల్ చిటికెలో మారుస్తారు, రైఫిల్‌దీ అంతే.

వాస్తవం: పాత .50 బ్రౌనింగ్ ఎం2కి బ్యారెల్ మార్చిన ప్రతిసారీ హెడ్‌స్పేస్ సరిచూడాల్సిందే. రైఫిల్ బ్యారెల్ మర బిగిసినంత మాత్రాన పని అయినట్టు కాదు.

గేజ్ కూడా అన్ని రైఫిళ్లకూ ఒకటే కాదు. ఇషాపూర్ 2ఎ రైఫిల్ చూపుకు .303 లాగే ఉన్నా, దాని 7.62 తూటాకు అలాంటి అంచు లేదు. కొలత తూటా భుజం నుంచి. ఆ గేజ్ వేరు.

లైసెన్సుతో రైఫిల్ ఉన్నవారికి ఒక్క మనవి: బోల్టో బ్యారెలో మార్చాల్సివస్తే ఇంట్లో చేయకండి. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు కావాలి. అది ఉన్నవారి దగ్గరికే తీసుకెళ్లండి, గేజ్‌తో మీ ఎదుటే చూపించమని అడగండి.