మారికుప్పం నుంచి బూసాన్ దాకా

కేజీఎఫ్ (కోలారు బంగారు గనుల ఊరు) అనగానే ఇవాళ దేశంలో చాలామందికి యశ్ గుర్తొస్తాడు. 2018లో మొదటి భాగం, 2022లో రెండోది వచ్చాక ఊరి పేరు కాస్తా సినిమా పేరైపోయింది. ఆ సినిమాకి సెట్టు వేసిన సైనైడ్ గుట్టలు మాత్రం నిజమైనవి. నూరేళ్లకు పైగా బంగారం పిండుకుని పారబోసిన రాతిపొడి అది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత ఎంతోమంది తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికెళ్లి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. వాళ్ల కథ తెరమీదికి ఇంకా పూర్తిగా రాలేదు.

ఆ కథ అక్కడివాళ్లే తీయాలి. దాన్ని మొదట ఎక్కడ చూపిస్తామన్నది షూటింగుకి ముందే తేల్చుకోవాలి. చిన్న సినిమాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తీసిన ఉత్సాహంలో యూట్యూబులో పెట్టేస్తారు, తర్వాత ఫెస్టివల్ దరఖాస్తులో ‘ఇంతకుముందు ఎక్కడైనా ప్రదర్శించారా’ అన్న గడి దగ్గర ఆగిపోతారు.

మొదట ఎక్కడ చూపించాలన్నదానికి కర్ణాటకలోనే మంచి ఉదాహరణ ఉంది. నటేశ్ హెగ్డే ఉత్తర కన్నడ అడవి పల్లెల్లో, తన తండ్రినే ప్రధాన పాత్రలో పెట్టి ‘పెడ్రో’ తీశాడు. 2021లో అది దక్షిణ కొరియాలోని బూసాన్ ఫెస్టివల్‌లో న్యూ కరెంట్స్ పోటీకి ఎంపికైంది. అప్పట్లో ఆసియా దర్శకుల మొదటి, రెండో సినిమాలకోసం నడిపిన విభాగమది. ఇలాంటి పోటీలు చాలావరకు స్వదేశం బయట ఎక్కడా చూపించని సినిమానే కోరతాయి. అదే ఏడాది చైనాలోని పింగ్యావ్‌లో నటేశ్‌కి ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది.

మన తెలుగు ‘సినిమా బండి’ ఇంకో దారిలో నడిచింది. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో పల్లెజనం సినిమా తీయబోయే కథ. ప్రవీణ్ కాండ్రేగుల దాన్ని ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లె యాసలోనే నడిపించాడు. ఆ యాస కోలారు జిల్లాలోని ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వాళ్లకి కొత్తగా అనిపించదు. 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలై, మరుసటి ఏడాది గోవాలో జరిగే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఇండియన్ పనోరమా విభాగానికి వెళ్లింది. విడుదలైన సినిమాని గోవా తీసుకుంది. కొత్త ప్రదర్శనే కావాలనే ఆసియా పోటీలు తీసుకోవు. అందుకే ముందు బయటి తలుపులు తట్టి, తర్వాత ఇంటికి రావడమే మేలని నా గట్టి అభిప్రాయం.

కోలారు వాళ్లకి మరో చిక్కు భాష. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, గని కార్మికుల లైన్లలో తమిళం. ఒకే సంభాషణలో మూడూ దొర్లుతాయి. దరఖాస్తులో భాష అన్న చోట ఒక్కటే రాసి మిగతావి మింగేయొద్దు. మూడూ రాయండి. సబ్‌టైటిల్స్‌లో కూడా ఎక్కడ ఏ భాషలోకి మారిందో తెలిసేలా గుర్తు పెట్టండి. గని మేస్త్రీ తమిళంలో అదిలిస్తే కూలీ తెలుగులో గొణుక్కోవడంలోనే ఆ దృశ్యం బరువంతా ఉంటుంది. ఎంపిక చేసేవారు సబ్‌టైటిల్స్ మీదే ఆధారపడతారు కాబట్టి అనువాదం చివరి రాత్రి హడావిడిగా చేసే పని కాదు.

కోలారుకి వంద కిలోమీటర్ల లోపే ఉన్న బెంగళూరు అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆసియా, భారతీయ, కన్నడ సినిమాలకి వేర్వేరు పోటీలున్నాయి. కోలారులో తీసిన తెలుగు సినిమా ఏ పోటీకి సరిపోతుందో ఆ ఏటి నియమాలు చదివి తేల్చుకోవాలి. పాస్‌వర్డ్ పెట్టిన లింకు, దర్శకుడి మాట, నాలుగు మంచి ఫోటోలు, పాటల హక్కుల పత్రాలు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. ఒక్కో దరఖాస్తుకి రుసుము డాలర్లలో అడిగే చోట్లు చాలా ఉన్నాయి. పది చోట్ల కడితే దినకూలీ ఇంట్లో నెల బియ్యం ఖర్చు దాటిపోతుంది. మినహాయింపు ఇవ్వమని నిర్వాహకులకి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి, అందులో మీ ఊరి సంగతి చెప్పండి. అడిగితే ఇచ్చే ఫెస్టివల్స్ ఉన్నాయి.