చిత్రగుప్తుడి కచేరీలో పొరపాట్లు

నా ఉద్యోగకాలమంతా రెవెన్యూ ఆఫీసుల్లో అడంగళ్లు, పట్టాదారు పుస్తకాల మధ్యే గడిచింది. అందుకేనేమో, యముడి సినిమా ఏది చూసినా నా కళ్లు హీరో మీద కాక చిత్రగుప్తుడి మీదే ఉంటాయి. చంకలో ఆ చిట్టా, చేతిలో ఆ కలం, పై అధికారి ఉరిమితే మింగే ఆ గుటక నేను బాగా ఎరిగినవే. ఒకే ఊళ్లో పేరూ ఇంటిపేరూ కలిసిన మనుషులు ఇద్దరుంటారు. తండ్రిపేరులో ఒక్క అక్షరం తేడా. ఒకరి పొలం ఇంకొకరి ఖాతాలో పడటానికి ఆ అక్షరం చాలు. ప్రాణం పోవడానికీ అదే చాలంటాయి మన సినిమాలు.

ఈ తమాషా సినిమావాళ్లు పుట్టించింది కాదు. భారతంలోనే, అనుశాసనిక పర్వంలో ఉంది. గంగా యమునల నడుమ పర్ణశాల అనే బ్రాహ్మల ఊరు. అక్కణ్ణించి శర్మి అనే అగస్త్యగోత్రీకుణ్ణి తెమ్మని యముడు భటుణ్ణి పంపుతాడు. పంపేటప్పుడే హెచ్చరిస్తాడు కూడా: అదే ఊళ్లో, అదే గోత్రంలో, అంతే చదువుకున్నవాడు ఇంకొకడున్నాడు, పొరపాటున అతన్ని తెచ్చేవు సుమా అని. భటుడు సరిగ్గా ఆ తేవద్దన్నవాణ్ణే తెస్తాడు! యముడు లేచి నిలబడి మర్యాద చేసి, ఈయన్ని ఇంటికి చేర్చి ఆ రెండోవాణ్ణి తీసుకురమ్మంటాడు. తీరా ఈ బ్రాహ్మడు కదలడు. చదివి చదివి విసిగిపోయాను, మిగిలిన ఆయుర్దాయమేదో ఇక్కడే గడిపేస్తానంటాడు. యముడు కుదరదంటాడు. కాలం తీరనివాణ్ణి ఉంచుకునే అధికారం ఆయనకూ లేదు. చివరికి నువ్వులు, నీళ్లు, దీపాలు దానం చేస్తే వచ్చే పుణ్యం గురించి నాలుగు మాటలు చెప్పి సాగనంపుతాడు. తప్పు తెలిసిన వెంటనే ఒప్పుకోవడం, మర్యాద చేయడం, ఉత్తర్వు దిద్దడం అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. ఏ తాలూకా కచేరీలోనూ నేనంత వేగం చూడలేదు.

యముడి తీర్పు మీద అప్పీలుకు వెళ్లినవాడూ ఉన్నాడు. మాండవ్య ముని చేయని దొంగతనానికి కొరత వేయించుకున్నాడు. ఏ పాపానికి ఈ శిక్ష అని యముణ్ణే నిలదీస్తే, చిన్నప్పుడు పురుగుల్ని గడ్డిపరకతో గుచ్చావన్నాడు. అంత చిన్న తప్పుకు ఇంత శిక్షా అని ముని శపించాడు. యముడు భూమ్మీద విదురుడై పుట్టింది ఆ శాపంతోనే. ముని అక్కడితో ఆగలేదు, పద్నాలుగేళ్లలోపు చేసింది పాపంగా లెక్కించకూడదని సవరణ కూడా తెచ్చాడు. ఇక కఠోపనిషత్తులో నచికేతుడు మూడు రాత్రులు యముడి గుమ్మం ముందు పస్తున్నాడు, అధికారి ఊళ్లో లేడు మరి. వచ్చాక రాత్రికొకటి చొప్పున మూడు వరాలు పరిహారంగా ఇచ్చాడు.

మన యముణ్ణి పాశ్చాత్యుల సైతానుతో పోల్చి చూసే అలవాటు ఈమధ్య పిల్లల్లో కనిపిస్తోంది. కొమ్ములు, నల్లరంగు, నరకం చూసి అలా అనుకోవడం సహజమే కానీ పోలిక అక్కడితో సరి. సైతాను దేవుడి మీద తిరగబడ్డవాడు. యముడు ధర్మం కింద పనిచేసే ఉద్యోగి. అందుకే సైతాను చుట్టూ ‘ది ఎక్సార్సిస్ట్’ (1973), ‘ది ఓమెన్’ (1976) లాంటి భయపెట్టే సినిమాలు వచ్చాయి, యముడి చుట్టూ హాస్యం పెరిగింది. తిరుగుబాటుదారును చూస్తే భయమేస్తుంది. రూలుబుక్కు పట్టుకుని చెమటలు కక్కే అధికారిని చూస్తే నవ్వొస్తుంది.

పాశ్చాత్యులు ఆ నవ్వు కోసం దేవదూతల దగ్గరకు వెళ్లారు. 1941లో వచ్చిన ‘హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్’లో 7013 నంబరు దూత ఒక బాక్సర్ ప్రాణాన్ని తొందరపడి ముందే పట్టుకుపోతాడు. తప్పు తెలిసేసరికి కిందేమో శవదహనం అయిపోయింది, ఇక వేరే శరీరం వెతకాలి. దాన్నే 1978లో వారెన్ బీటీ ‘హెవెన్ కెన్ వెయిట్’గా మళ్లీ తీశాడు. 1946 నాటి బ్రిటిష్ సినిమా ‘ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’లో దూత పొగమంచులో దారి తప్పి ఒక పైలట్‌ను వదిలేస్తాడు. ఆ పైలట్ ఈలోగా ప్రేమలో పడి, నేను రానని పైలోకపు కోర్టులో వాదిస్తాడు. భూలోకాన్ని రంగుల్లో, పైలోకాన్ని నలుపు తెలుపుల్లో తీయడం ఆ దర్శకుల చమత్కారం. టెర్రీ ప్రాచెట్, నీల్ గైమన్ కలిసి రాసిన ‘గుడ్ ఓమెన్స్’ (1990) నవలలో, 2019లో దాని మీద వచ్చిన సీరియల్లో అయితే సైతాను బిడ్డే ఆసుపత్రిలో తారుమారవుతాడు. అక్కడ దేవదూతా దెయ్యమూ వేలయేళ్లుగా ఎదురుబొదురు ఆఫీసుల్లో పనిచేసే పాత స్నేహితులు.

మన దగ్గర ఈ దారి బెంగాల్ మీదుగా వచ్చింది. 1958 నాటి బెంగాలీ హాస్యచిత్రం ‘యమాలయే జీవంత మానుష్’ ఆధారంగా సి.పుల్లయ్య 1960లో ఎన్టీఆర్‌తో ‘దేవాంతకుడు’ తీశారు. యముడు ఎస్.వి.రంగారావు. తర్వాత 1977లో తాతినేని రామారావు దర్శకత్వంలో ‘యమగోల’ వచ్చింది. నా లెక్కలో ఈ కోవలో దాన్ని మించింది లేదు. అప్పటికి ఎమర్జెన్సీ ముగిసి కొన్ని నెలలే అయింది. హీరో యమలోకానికి వెళ్లి కింకరుల్ని కూడగట్టి సమ్మె చేయిస్తాడు! పనిగంటలు, హక్కులు, నినాదాలు. ఆ సీన్లకు మా ఉద్యోగుల సంఘంలో వాళ్లు ఎలా ఈలలు వేశారో ఇప్పటికీ చెప్పుకుంటాం. కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. ‘యముండ’ అని సత్యనారాయణ ఆ చివరి అక్షరాన్ని లాగే తీరులో రాజసమూ ఉంది, ఆ రాజసం ఎక్కడ జారిపోతుందోనన్న బెంగా ఉంది. ఆ బెంగే అసలు హాస్యం. హిందీలో అదే దర్శకుడు 1979లో ‘లోక్ పర్‌లోక్’గా తీశారు.

1988 నాటి ‘యముడికి మొగుడు’లో చిరంజీవిని గడువు తీరకుండానే తెచ్చేస్తారు. శరీరం లేదు కాబట్టి, అచ్చు అలాగే ఉన్న ఇంకొకడి శరీరంలోకి పంపుతారు. పైన చెప్పిన బాక్సర్ కథకూ దీనికీ ఉన్న చుట్టరికం చూసినవాళ్లకు తెలుస్తుంది. 1994లో ఎస్.వి.కృష్ణారెడ్డి ‘యమలీల’లో ఏకంగా రికార్డే పోతుంది. భవిష్యవాణి గ్రంథం జారి భూమ్మీద పడి అలీ చేతికి చిక్కుతుంది. వెతుక్కుంటూ వచ్చిన యముడు ఐస్‌క్రీములకు హిమక్రీములని పేరు పెట్టి లొట్టలు వేస్తుంటే, చిత్రగుప్తుడు బ్రహ్మానందం ఉద్యోగం ఊడుతుందేమోనని వణుకుతుంటాడు. రికార్డు రూములో ఫైలు కనబడని రోజు ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి, నాకు మాత్రం అక్కడ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. 2007లో రాజమౌళి ‘యమదొంగ’ యమలోకాన్ని గ్రాఫిక్స్‌తో నింపింది. మోహన్‌బాబు యముడిగా గట్టిగానే నిలబడ్డారు కానీ, ఆ హంగులో కచేరీ కళ తగ్గింది.

ఇంతమంది ఇన్ని రకాలుగా ఆటపట్టించినా యముడి మీద మనకున్న గౌరవం తగ్గలేదు. జగిత్యాల జిల్లా ధర్మపురిలో, గోదావరి ఒడ్డున నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలో ఆయనకు గుడి ఉంది. ధర్మపురికి పోతే యమపురి ఉండదని ఆ చుట్టుపక్కల సామెత. దీపావళి వెళ్లాక కార్తీక శుద్ధ విదియనాడు ఆయన చెల్లెలు యమున ఇంటికి భోజనానికి వెళ్తాడని నమ్మకం. మనం భగినీహస్త భోజనం అనేది అదే. హైదరాబాదు పాతబస్తీలో కందికల్ గేటు దగ్గర చిత్రగుప్తుడికీ గుడి ఉంది. లెక్కలు రాయడం కులవృత్తిగా ఉన్న కాయస్థులు కలాన్నీ సిరాబుడ్డినీ పూజించేది ఆ విదియనాడే.

భూలోకపు చిత్రగుప్తులు మాత్రం అంత తేలిగ్గా తప్పు దిద్దరు. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో లాల్ బిహారీ అనే రైతు 1970లలో రికార్డుల్లో చనిపోయాడు. బంధువులు భూమి కోసం రాయించిన చావు అది. తాను బతికే ఉన్నానని పోరాడి 1994లో గానీ నిరూపించుకోలేకపోయాడు. ఈలోగా పేరు చివర ‘మృతక్’ అని తగిలించుకుని, తనలాంటివాళ్లతో మృతుల సంఘం పెట్టాడు. ఆయన కథే 2021లో హిందీలో ‘కాగజ్’ సినిమా అయింది. పింఛను తీసుకునే మేమంతా ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూనే ఉన్నాం. మనిషి బతికుంటే సరిపోదు, బతికే ఉన్నట్టు రికార్డులో పడాలి.

మళ్లీ యముడి సినిమా తీయాలనుకునే దర్శకులకు నాదొక మనవి. గదలూ గ్రాఫిక్సూ ఈసారికి పక్కన పెట్టి, వెనక్కి పంపుతామంటే నేను పోను అని మొండికేసిన ఆ పర్ణశాల బ్రాహ్మణ్ణి హీరోని చేయండి. కథకు డబ్బు కూడా ఇవ్వక్కర్లేదు, భారతంలో ఉంది. చిత్రగుప్తుడి వేషానికి కాస్త అనుభవం ఉన్న గుమస్తా కావాలంటే మాలాంటి పింఛనుదారులు ఊరికి పదిమంది దొరుకుతారు.